లైసెన్సు ఉన్నవాడి తుపాకీ, లైసెన్సు లేనివాడి తుపాకీ: కెనడా అనుభవం ఏం చెబుతోంది?

2017 జనవరి 29, ఆదివారం రాత్రి. కెనడాలోని క్యూబెక్ నగరం. మస్జిద్‌లో ఇషా నమాజ్ ముగిసింది. చలికోట్లు తొడుక్కుని కొందరు ఇళ్లకు బయల్దేరుతున్నారు. ఇంకొందరు లోపలే కూర్చుని మాట్లాడుకుంటున్నారు. అంతలో ఒక యువకుడు బయట ఇద్దరిని కాల్చి లోపలికి వచ్చాడు. అతని రైఫిల్ మొదట్లోనే మొరాయించింది. దాన్ని వదిలేసి పిస్టల్ తీశాడు. రెండు నిమిషాలు గడవకముందే ఆరుగురు నమాజీలు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకరు యూనివర్సిటీ ప్రొఫెసర్. ఇంకొకరు కిరాణా దుకాణం నడుపుకునే మనిషి. హంతకుణ్ని ఆపుదామని మీదికి దూకి ప్రాణం ఇచ్చింది ఆయనే. ఆ రాత్రితో 17 మంది పిల్లలు తండ్రి లేనివాళ్లయ్యారు.

ఆ హంతకుడి దగ్గర తుపాకీ లైసెన్సు ఉంది.

మూడేళ్ల తర్వాత, 2020 ఏప్రిల్ 18 శనివారం రాత్రి, అదే దేశంలో తూర్పు తీరాన ఉన్న నోవా స్కోషియా రాష్ట్రంలో ఇంకొక మారణకాండ మొదలైంది. పోర్టాపీక్ అనే చిన్న ఊళ్లో ఒకడు తన జీవిత భాగస్వామిని కొట్టి, ఇళ్లకు నిప్పు పెట్టి, ఇరుగుపొరుగును కాల్చడం మొదలుపెట్టాడు. అచ్చం పోలీసు కారులా తయారుచేసుకున్న బండిలో తిరుగుతూ దాదాపు 13 గంటల పాటు చంపుతూ పోయాడు. మొత్తం 22 మంది బలయ్యారు. వారిలో ఒక పోలీసు అధికారిణి కూడా ఉన్నారు.

ఈ హంతకుడి దగ్గర ఏ లైసెన్సూ లేదు. అతని తుపాకుల్లో ఎక్కువ భాగం అమెరికాలోని మెయిన్ రాష్ట్రం నుంచి దొంగతనంగా సరిహద్దు దాటినవే.

తుపాకీ చట్టాల మీద కెనడాలో ఏళ్ల తరబడి నడుస్తున్న గొడవంతా ఈ రెండు ఘటనల మధ్యనే తిరుగుతోంది. నియంత్రణ కావాలనేవారు మొదటిదాన్ని చూపిస్తారు: "లైసెన్సు ఉన్నవాడే మస్జిద్‌లో చంపాడు కదా, లైసెన్సు ఇచ్చినంత మాత్రాన సరిపోతుందా?" తుపాకీ యజమానులు రెండోదాన్ని చూపిస్తారు: "అక్రమ తుపాకులన్నీ సరిహద్దు దాటి వస్తుంటే, చట్టం పాటించే మమ్మల్ని వేధించడం దేనికి?" రెండు మాటల్లోనూ నిజం ఉంది. కానీ సగం నిజమే. ఒక ఘటనను చూపించి రెండోదాన్ని పక్కన పెట్టిన ప్రతిసారీ ఏదో ఒక దారి తెరిచే ఉండిపోతోంది.

కెనడా, అమెరికా, న్యూజిలాండ్ అంటే తెలుగు ముస్లిం కుటుంబాలకు ఇప్పుడు దూరదేశాలు కావు. హైదరాబాద్, కరీంనగర్, నిజామాబాద్, గుంటూరు, కర్నూలు నుంచి వెళ్లిన బిడ్డలు అక్కడ చదువుకుంటున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, అక్కడి మస్జిద్‌లలో నమాజ్ చదువుతున్నారు. అందుకే అక్కడి చట్టం ఎంతవరకు కాపాడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడం ఇక్కడి తల్లిదండ్రులకూ అవసరమే.

లైసెన్సు అంత తేలిగ్గా రాదు

కెనడా చట్టం గట్టిపడింది ఒక విషాదం తర్వాతే. 1989 డిసెంబరు 6న మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ ఇంజనీరింగ్ కాలేజీలో ఒకడు 14 మంది స్త్రీలను కాల్చి చంపాడు. అతను వాడిన రైఫిల్ కూడా చట్టబద్ధంగా కొన్నదే. బాధిత కుటుంబాలు, విద్యార్థినులు పట్టుబట్టి పోరాడితే 1991లో ఒక చట్టం, 1995లో సమగ్రమైన ఆయుధాల చట్టం వచ్చాయి.

దాని ప్రకారం కెనడాలో తుపాకీ ఉంచుకోవాలంటే సాధారణంగా 18 ఏళ్లు నిండాలి, లైసెన్సు తీసుకోవాలి. లైసెన్సుకు ముందు తుపాకీ భద్రతా శిక్షణ పూర్తి చేయాలి. రాత పరీక్ష, చేతల పరీక్ష రెండింటిలోనూ కనీసం 80 శాతం మార్కులు తెచ్చుకోవాలి. పిస్టల్ వంటి పరిమిత వర్గం ఆయుధాలకు దీనిపైన ఇంకొక కోర్సు, ఇంకొక పరీక్ష ఉంటాయి. దరఖాస్తులో మానసిక ఆరోగ్యం, గృహహింస, విడాకులు, ఉద్యోగం పోవడం వంటి విషయాలు అడుగుతారు. మనిషి గురించి చెప్పడానికి ఇద్దరి పేర్లు ఇవ్వాలి. భార్య లేదా భర్తకు, ఇటీవలే విడిపోయిన వారికి కూడా ఈ సంగతి తెలియాలి. మొదటిసారి దరఖాస్తు చేసేవారు కనీసం 28 రోజులు ఆగాలి. లైసెన్సును ఐదేళ్లకోసారి కొత్తది చేయించుకోవాలి. లైసెన్సు ఉన్నవారి పేర్లను పోలీసు రికార్డులతో ప్రతిరోజూ పోల్చి చూస్తారు.

పక్కనే ఉన్న అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ కొనడానికి ఏ శిక్షణా అక్కర్లేదు. సగానికి పైగా రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే పిస్టల్ దాచిపెట్టుకుని వీధుల్లో తిరగవచ్చు. కెనడాలో మామూలు పౌరుడికి అలాంటి అనుమతి దాదాపు దొరకదు.

శిక్షణ ఏం నేర్పుతుంది, ఏం నేర్పదు

కెనడా శిక్షణ తరగతిలో మొట్టమొదట చెప్పే సూత్రాలు నాలుగు. ప్రతి తుపాకీలోనూ తూటా ఉందనే అనుకోవాలి. గొట్టం ఎప్పుడూ ప్రమాదం లేని వైపే ఉండాలి. కాల్చాల్సిన క్షణం వచ్చేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. తుపాకీ ఖాళీగా ఉందో లేదో స్వయంగా తెరిచి చూసుకోవాలి. దాచే పద్ధతికి కూడా చట్టం ఉంది: తూటాలు తీసేయాలి, ట్రిగ్గర్‌కు తాళం వేయాలి లేదా తాళం ఉన్న పెట్టెలో పెట్టాలి. తూటాలు అదే చోట చేతికందేలా ఉండకూడదు.

ఇవి చిన్న విషయాల్లా అనిపిస్తాయి, కానీ ప్రాణాలు నిలబెట్టేవి ఇవే. 2024 నవంబరులో అమెరికాలో చదువుకుంటున్న తెలంగాణ విద్యార్థి ఒకరు తన తుపాకీని శుభ్రం చేస్తుండగా అది పేలి మరణించినట్టు వార్తలు వచ్చాయి. "ఖాళీగా ఉందో లేదో తెరిచి చూడు" అనే సూత్రం ఉన్నది సరిగ్గా ఇలాంటి క్షణం కోసమే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కెనడాలో తుపాకీ మరణాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు హత్యలు కావు, ఆత్మహత్యలు. కుంగిపోయిన మనిషికి ఆ ఒక్క గంటలో తుపాకీ చేతికి అందకపోతే బతికే అవకాశం పెరుగుతుంది. బీరువా తాళం, వేరేచోట పెట్టిన తూటాలు ఆ గంటను దాటిస్తాయి. కాబట్టి శిక్షణ వల్ల లాభం లేదనడం తప్పు.

అయితే శిక్షణకు ఒక హద్దు ఉంది. తుపాకీని ఎలా పట్టుకోవాలో అది నేర్పుతుంది. పట్టుకున్నవాడి మనసులో ఎవరి మీద ద్వేషం ఉందో అది చూడలేదు. క్యూబెక్ హంతకుడు చేసింది పొరపాటున పేలిన తుపాకీ పని కాదు. అలాంటివాణ్ని పట్టుకోవాల్సింది ఆ తర్వాతి మెట్టు, అంటే మనిషి గురించి చేసే విచారణ. అక్కడే చట్టం కన్ను కప్పుకుంది.

క్రైస్ట్‌చర్చ్‌లో కూడా ఇదే

ఇదే లోపం న్యూజిలాండ్‌లోనూ బయటపడింది. 2019 మార్చి 15, జుమా రోజు. క్రైస్ట్‌చర్చ్‌లోని రెండు మస్జిద్‌లలో 51 మందిని ఒకే హంతకుడు బలి తీసుకున్నాడు. షహీదైన వారిలో తెలంగాణ బిడ్డలు కూడా ఉన్నారు. ఆ రోజు హైదరాబాద్‌లో ఫోన్ల దగ్గరే కూర్చుండిపోయిన కుటుంబాలకు ఆ సాయంత్రం ఇంకా గుర్తే.

ఆ హంతకుడికి కూడా లైసెన్సు ఉంది. 2020 చివర్లో వచ్చిన రాయల్ కమిషన్ నివేదిక ఆ లైసెన్సు ఎలా వచ్చిందో విప్పి చూపింది. దరఖాస్తుదారుణ్ని దగ్గరగా ఎరిగిన బంధువును విచారించాల్సిన చోట, ఎక్కువగా ఇంటర్నెట్ ఆటల ద్వారా పరిచయమైన ఒక స్నేహితుడి మాట తీసుకున్నారు. రెండో సాక్షి ఆ స్నేహితుడి కన్నవారిలో ఒకరు. వాళ్లకు ఇతన్ని నిజంగా ఎంత తెలుసో పోలీసులు తగినంతగా ఆరా తీయలేదని కమిషన్ తేల్చింది. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మనిషి ఎలాంటివాడో మాత్రం ఎవరూ చూడలేదు.

న్యూజిలాండ్ వెంటనే కదిలింది. నెల తిరగకముందే, ఏప్రిల్ 10న, సైనిక తరహా సెమీ ఆటోమేటిక్ ఆయుధాల నిషేధ బిల్లును పార్లమెంటు 119 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకంగా పడింది ఒకే ఓటు. జనం దగ్గర్నుంచి 56 వేలకు పైగా నిషేధిత ఆయుధాలను ప్రభుత్వం డబ్బిచ్చి వెనక్కి తీసుకుంది. ఆ నిషేధం అక్కడ అమలు కావడానికి ఒక ప్రకృతి సాయం కూడా ఉంది. న్యూజిలాండ్ చుట్టూ సముద్రమే. కెనడాకు ఆ అదృష్టం లేదు.

8,891 కిలోమీటర్ల గోడ లేని గట్టు

కెనడా, అమెరికాల మధ్య సరిహద్దు పొడవు 8,891 కిలోమీటర్లు. ప్రపంచంలో ఇంత పొడవైన సరిహద్దు ఇంకేదీ లేదు. చాలాచోట్ల కంచె కూడా ఉండదు. ఒకవైపు లైసెన్సు, శిక్షణ, 28 రోజుల ఎదురుచూపు. రెండోవైపు జనాభా కన్నా ఎక్కువ తుపాకులు. అంతర్జాతీయ సంస్థ స్మాల్ ఆర్మ్స్ సర్వే 2018లో వేసిన అంచనా ప్రకారం అమెరికా పౌరుల దగ్గర 39 కోట్లకు పైగా తుపాకులున్నాయి, అంటే ప్రతి 100 మందికి 120. కెనడాలో ప్రతి 100 మందికి సుమారు 35. మన దేశంలో సుమారు 5.

ఒకచోట చౌక, పక్కచోట కరువు ఉంటే సరుకు నడవక మానదు. అమెరికాలో కొన్ని వందల డాలర్లకు దొరికే పిస్టల్ టొరంటో వీధుల్లో దానికి ఎన్నో రెట్లు పలుకుతుంది. దొంగ రవాణా నడిచే తీరు కూడా విచిత్రం. క్యూబెక్, వెర్మాంట్ సరిహద్దు గీత మీదే కట్టిన హాస్కెల్ అనే లైబ్రరీ ఒకటుంది. భవనంలో సగం కెనడాలో, సగం అమెరికాలో. ఒక ముఠా అమెరికా వైపు నుంచి పిస్టళ్లున్న సంచిని ఆ లైబ్రరీ బాత్రూంలో వదిలిపెడితే, కెనడా వైపు మనిషి వచ్చి పట్టుకుపోయేవాడు. ఆ కేసులో నిందితుడికి 2018లో అమెరికా కోర్టు శిక్ష వేసింది. 2022లో ఒంటారియోలోని పోర్ట్ లాంబ్టన్ దగ్గర నది దాటి వచ్చిన ఒక డ్రోన్ చెట్టుకు చిక్కుకుంది. దానికి కట్టిన సంచిలో 11 పిస్టళ్లు దొరికాయి.

అమెరికా వైపు ఈ తుపాకులు బయటికొచ్చే ముఖ్యమైన దారిని మన భాషలో బినామీ కొనుగోలు అనాలి. నేరచరిత్ర లేని ఒకడు దుకాణానికి వెళ్లి తన పేరు మీద నాలుగైదు పిస్టళ్లు కొంటాడు. కాగితం మీద అతనే యజమాని. సరుకు మాత్రం ఇంకొకరి చేతికి పోతుంది. పైగా ఫెడరల్ చట్టం ప్రకారం లైసెన్సున్న దుకాణదారు మాత్రమే కొనేవాడి చరిత్రను తనిఖీ చేయాలి. వ్యాపారిగా కాక మామూలు మనిషిగా తన తుపాకీ అమ్ముకునేవాడికి ఆ బాధ్యత చాలా రాష్ట్రాల్లో లేదు. 2022 జూన్‌లో అమెరికా కాంగ్రెస్ బినామీ కొనుగోలును, ఆయుధాల అక్రమ రవాణాను ప్రత్యేక ఫెడరల్ నేరాలుగా చేసింది. 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. మంచి అడుగే. అంతకుముందు దశాబ్దాల పాటు ఇలాంటి చట్టమే లేదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి.

నేరాల్లో పట్టుబడిన పిస్టళ్లలో ఎక్కడి నుంచి వచ్చాయో తేలినవాటిని చూస్తే, పదికి ఎనిమిదికి పైగా అమెరికావేనని టొరంటో పోలీసులు కొన్నేళ్లుగా చెబుతున్నారు. ఈ లెక్కను జాగ్రత్తగా చదవాలి. ఇది టొరంటో లెక్క, పిస్టళ్ల లెక్క, మూలం తేలిన వాటి లెక్క. కెనడా మొత్తానికి దీన్ని అంటించకూడదు. పల్లె ప్రాంతాల్లో, ఇళ్లలో జరిగే హింసలో వాడే రైఫిళ్లు, షాట్‌గన్‌లు చాలావరకు దేశం లోపలివే. "అన్నీ బయటి తుపాకులే" అనేవారు ఈ తేడాను దాటేస్తారు.

మెక్సికో కోర్టుకెక్కినా

పక్కదేశం బజారు తెరిచి ఉంటే సొంత చట్టం ఒక్కటే ఏమీ చేయలేదనడానికి ఇంకా గట్టి ఉదాహరణ మెక్సికో. అక్కడ పౌరులకు తుపాకులమ్మే దుకాణాలు ఒకటి రెండుకు మించవు, అవీ సైన్యం చేతిలోనే ఉంటాయి. అయినా ముఠాల చేతుల్లో ఆయుధాలకు కొదవ లేదు. 2014 నుంచి 2018 వరకు మెక్సికోలో పట్టుబడి ఆచూకీ కోసం పంపిన తుపాకుల్లో దాదాపు 70 శాతం అమెరికా నుంచి వచ్చినవేనని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే నివేదిక ఇచ్చింది.

మెక్సికో ప్రభుత్వం అమెరికా తుపాకీ కంపెనీల మీద అమెరికా కోర్టులోనే దావా వేసింది. 2025 జూన్ 5న అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ దావాను నిలవనివ్వలేదు. తుపాకీ తయారీదారులకు 2005లో చేసిన చట్టం ఇచ్చిన రక్షణే దానికి ఆధారం. దావా పోయింది కానీ రాజకీయ ఒత్తిడి పోలేదు. అదే ఏడాది ఫిబ్రవరిలో, మాదకద్రవ్యాల పేరుతో ట్రంప్ సుంకాల బెదిరింపులకు దిగినప్పుడు, మెక్సికోకు ఆయుధాలు చేరకుండా అమెరికా కూడా పనిచేయాలన్న షరతును అధ్యక్షురాలు క్లాడియా షీన్‌బామ్ చర్చల బల్ల మీద పెట్టారు. సరిహద్దు గురించి అమెరికా మాట్లాడేటప్పుడు ఎప్పుడూ తన దేశంలోకి వచ్చేదాని గురించే మాట్లాడుతుంది. తన దేశం నుంచి బయటికి పోయేదాని గురించి అడగాల్సింది పొరుగువాళ్లే.

కెనడా ఏం చేసింది

నోవా స్కోషియా ఘటన జరిగిన రెండు వారాలకే, 2020 మే 1న, కెనడా ప్రభుత్వం ఏఆర్-15 సహా దాదాపు 1,500 రకాల సైనిక తరహా ఆయుధాలను నిషేధించింది. 2022 అక్టోబరు నుంచి పౌరులు పిస్టళ్లు కొత్తగా కొనడం, అమ్మడం, దిగుమతి చేసుకోవడం ఆపేసింది. 2023 డిసెంబరులో సి-21 అనే చట్టం వచ్చింది. తుపాకుల స్మగ్లింగ్‌కు గరిష్ఠ శిక్షను అది 10 ఏళ్ల నుంచి 14 ఏళ్లకు పెంచింది. విడిభాగాలతోనూ ఇంటి ప్రింటర్ మీదా తయారుచేసే నంబరు లేని తుపాకుల మీద కూడా చర్యలు తెచ్చింది. 2024 డిసెంబరులో, 2025 మార్చిలో నిషేధ జాబితా మళ్లీ పెరిగింది.

ఈ చట్టాల వెనుక క్యూబెక్ మస్జిద్ ప్రతినిధుల శ్రమ ఉంది. తమవాళ్లను పోగొట్టుకున్న ఆ జమాత్ వాళ్లు, 1989లో ఆడపిల్లల్ని పోగొట్టుకున్న మాంట్రియల్ కుటుంబాలతో చేయి కలిపి పిస్టళ్ల నిషేధం కోసం ఏళ్లపాటు ఒట్టావా చుట్టూ తిరిగారు. వేర్వేరు మతాలు, వేర్వేరు భాషలు, ఒకే రకమైన దుఃఖం. జనవరి 29ని ఆ దాడి సంస్మరణకూ, ముస్లిం వ్యతిరేక ద్వేషంపై పోరాటానికీ జాతీయ దినంగా కెనడా 2021లో ప్రకటించింది.

విమర్శలు కూడా తక్కువేం లేవు. వేటగాళ్లు, రైతులు, ఉత్తరాన అడవి మీద బతికే ఆదివాసీ జాతులు తమకు తుపాకీ పనిముట్టు అంటున్నారు. అల్బర్టా, సస్కాచెవాన్ రాష్ట్ర ప్రభుత్వాలు కేంద్రం నిర్ణయాలను వ్యతిరేకించాయి. నిషేధిత ఆయుధాలను డబ్బిచ్చి వెనక్కి తీసుకునే పథకం ఏళ్ల తరబడి ఆలస్యమైంది, గడువులు జరుగుతూ వచ్చాయి. ప్రజలకు అనుమానం రావడానికి పాత అనుభవం కూడా ఉంది. రైఫిళ్లు, షాట్‌గన్‌ల రిజిస్ట్రీకి తక్కువ ఖర్చే అవుతుందని 1990ల్లో చెప్పారు. మొత్తం తుపాకుల కార్యక్రమం ఖర్చు వంద కోట్ల డాలర్లు దాటుతుందని 2002లో ఆడిటర్ జనరల్ లెక్క తేల్చారు. 2012లో ఆ రిజిస్ట్రీనే రద్దు చేశారు. క్యూబెక్ మాత్రం పట్టువదలకుండా 2018లో తన సొంత రిజిస్ట్రీ పెట్టుకుంది.

ఇంత ఖర్చుకు ఫలం ఉందా అని అడిగితే, ఒక మాట ధైర్యంగా చెప్పవచ్చు. అమెరికాకు అంత దగ్గరగా ఉన్నా కెనడాలో తుపాకీ హత్యల రేటు అమెరికాలో కన్నా ఎన్నో రెట్లు తక్కువ. చట్టం పనికిరాదనేవారు ఈ తేడాకు జవాబు చెప్పాలి. చట్టం చాలు అనేవారు పోర్టాపీక్‌కు జవాబు చెప్పాలి.

వినేవాళ్లు లేకపోతే

నోవా స్కోషియా ఘటనపై వేసిన విచారణ కమిషన్ 2023 మార్చిలో 130 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. అందులో గుండెను కలిచివేసే విషయం ఒకటుంది. ఆ హంతకుడి దగ్గర అక్రమ తుపాకులున్నాయని, ఇంట్లో స్త్రీని హింసిస్తున్నాడని పోలీసుల చెవిన పడటం అది మొదటిసారి కాదు. 2011లోనే ఒక హెచ్చరిక వెళ్లింది. 2013లో పొరుగున ఉండే ఒకామె ఫిర్యాదు చేసింది. ఇంటిని సోదా చేసిన పాపాన పోలేదు. సరిహద్దు దాటేటప్పుడు ఆ తుపాకులు దొరకలేదు, నిజమే. దాటాక దొరకడానికి ఏళ్లకు ఏళ్లు సమయం ఉంది, దొరకనివ్వలేదు.

ఇక్కడ లైసెన్సు ఉన్నవాడి కథ, లేనివాడి కథ ఒకచోట కలుస్తాయి. క్రైస్ట్‌చర్చ్‌లో అడగాల్సినవాళ్లను అడగలేదు. పోర్టాపీక్‌లో చెప్పినవాళ్ల మాట వినలేదు. చట్టం పుస్తకంలో ఉన్న అంశాలను అమలు చేసే మనిషి తలుపు తట్టకపోతే, శిక్షణ సర్టిఫికెట్టూ సరిహద్దు స్కానరూ రెండూ బొమ్మలే.

సి-21లో ఈ లోటు పూడ్చే ప్రయత్నం ఒకటుంది. తుపాకీ ఉన్న ఫలానా మనిషి వల్ల తనకో ఇతరులకో ప్రమాదం అని ఎవరికి అనిపించినా, పోలీసుల కోసం ఆగకుండా నేరుగా జడ్జిని ఆశ్రయించవచ్చు. జడ్జికి నమ్మకం కుదిరితే 30 రోజుల దాకా ఆయుధాలు తీసేయించవచ్చు. గృహహింస కారణంగా రక్షణ ఉత్తర్వు ఉన్నవాడికి లైసెన్సు ఉండకూడదు. అయితే భయంతో బతికే ఒక స్త్రీ తానే కోర్టుకు వెళ్లి అడగాలంటే ఎంతమందికి సాధ్యమని మహిళా సంఘాలు వేసిన ప్రశ్న అలాగే ఉంది.

బిడ్డలు అక్కడున్న ఇళ్లకు

ఇక్కడి తల్లిదండ్రులు కెనడా చట్టాన్ని మార్చలేరు, అమెరికా బజారునూ మూయలేరు. కానీ బిడ్డలకు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, అమెరికాలో ఎఫ్-1 విద్యార్థి వీసా, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి తుపాకీతో సరదాగా దిగిన ఫొటో కూడా వీసా మీదికి రావచ్చు. అమెరికా నుంచి కారులో కెనడా వెళ్లేటప్పుడు బండిలో ఏముందో తెలియకుండా ఎవరితోనూ ఎక్కకూడదు. "ఈ సంచి కాస్త అవతల ఇవ్వు" అనే మాటకు ఒప్పుకోకూడదు.

రెండోది, ఒకే ఇంట్లో అద్దెకుండే వాళ్లలో ఎవరి దగ్గరైనా తుపాకీ ఉంటే అది తాళంలో ఉందా అని మొహమాటం లేకుండా అడగాలి. కుంగిపోయి ఉన్న స్నేహితుడి గదిలో తుపాకీ ఉందని తెలిస్తే అది అతని స్వంత విషయం అనుకుని ఊరుకోకూడదు.

మూడోది, మస్జిద్ మీదో ముస్లింల మీదో ద్వేషం కక్కుతూ ఆయుధాల గురించి మాట్లాడేవాడు కనబడితే స్క్రీన్‌షాట్ తీసి భద్రపరచాలి. పోలీసులకు, జమాత్ పెద్దలకు తెలియజేయాలి. ఒకసారి చెప్పినా పట్టించుకోకపోతే ఫిర్యాదు నంబరు పట్టుకుని మళ్లీ అడగాలి. పోర్టాపీక్‌లో ఆ పొరుగింటామె చెప్పింది. ఆమె తర్వాత ఆ మాట పట్టుకుని అడిగినవాళ్లు లేకపోయారు.